జోడీ కబురు

మా వీధి చివరి బడిలో గంట లేదు. వసారా దూలానికి అడుగున్నర పొడవు రైలుపట్టా ముక్క వేలాడదీసి, ఉదయం తొమ్మిదింటికి దాన్ని ఇనుప మేకుతో కొడతారు. గంట చప్పుడులా అది సాగదు. ఒక్కసారి ఖంగుమని ఆగిపోతుంది, పళ్ళలో మాత్రం కాసేపు జివ్వుమంటుంది. అది వినబడగానే చేతిలో కాఫీ గ్లాసున్నా, పేపరున్నా నేను లేచి నిలబడతాను. మొదట్లో మా కోడలు నవ్వేది. తర్వాత అడగటం మొదలుపెట్టింది. ఎవరి కోసం నిలబడతానో ఆమెకు ముక్కలు ముక్కలుగా చెప్పాను కానీ, మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన పేరు కొండమ నాయక్కరు. తమిళనాట కోవిల్‌పట్టికి అయిదు మైళ్ళ దూరంలో, నల్లరేగడి నేలల్లో పుట్టినవాడు. పటాలంలో చేరి హవల్దారై, బర్మా చూసి, చీనా చూసి, వయసు మీరిపోయినా జర్మన్ యుద్ధంలో సామాను ఓడల మీద బస్రా దాకా వెళ్ళి వచ్చాడు. నేను ఎరిగేనాటికి ఆయనకు డెబ్బై దగ్గర పడుతోంది. విరుదునగర్ రైలు స్టేషన్ వెనక పత్తి గిడ్డంగుల వరుసలో ఒక పాత గిడ్డంగి ఉండేది. ఒక వ్యాపారి దాన్ని శుభ్రం చేయించి, దిక్కులేని ముసలి సిపాయిలకు ఇచ్చాడు. ఊళ్ళో దాన్ని సిపాయి చావిడి అనేవారు. పదమూడు మంది ఉండేవారు. ఉదయం కాఫీ, రెండు పూటలా అన్నం, ఒక మేనేజరు. లోటేమీ లేదనే చెప్పాలి. పత్తి నూగు మాత్రం కిటికీల్లోంచి వచ్చి మంచాల మీద, మీసాల మీద వాలుతుండేది.

ముప్పైల మొదట్లో నేను కోవిల్‌పట్టి నుంచి ఒక తమిళ దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు. చదివేవాడి గుండె కరగకపోతే అది వార్త కాదని మా ఎడిటరు నేర్పిన పాఠం, నేను దాన్ని బాగానే ఒంటబట్టించుకున్నాను. ఒక ఆదివారం సిపాయి చావిడి మీద రాద్దామని విరుదునగర్ వెళ్ళాను. ఒక పూట అక్కడ తిరిగితే నా కళ్ళు ఒక్కడి మీదే ఆగాయి. మూలమంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్న బంగారు. యాభై దాటిన మనిషి. యుద్ధంలో కంచరగాడిదలు తోలేవాడు. వచ్చినప్పటి నుంచీ నోరు విప్పలేదని మేనేజరు చెప్పాడు. నేను ఎదురుగా కూర్చుని మూడుసార్లు పేరు అడిగాను. తమిళంలో అడిగాను. వాడూ నేనూ తెలుగిళ్ళల్లో పుట్టినవాళ్ళమే. కానీ మా వైపు తెలుగు ఇంటి గడప దాటదు, పుస్తకం చేతపట్టినవాడు బయట తెలుగులో మాట్లాడితే నామోషీ. బంగారు నా వంక చూశాడు, తల దించుకున్నాడు.

ఆ రాత్రే రాసి పంపాను. ‘సొంత పేరు మరిచిన సిపాయి’ అని శీర్షిక. ప్రాణమున్న శవం అన్నాను. చీకటిగది అన్నాను. నిజానికి ఆ గిడ్డంగికి పద్నాలుగు కిటికీలు. ఎడిటరు మెచ్చుకుంటూ కార్డు ముక్క రాశాడు. పది రోజులు గాల్లో నడిచాను.

పదకొండో రోజు మధ్యాహ్నం మా ఆఫీసు గదిలోకి ఒక ముసలాయన వచ్చాడు. ఖాకీ కోటు, కింద పంచె, మెలితిప్పిన తెల్లమీసం, చేతిలో వెదురుకర్ర. జేబులోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసి బల్ల మీద పరిచాడు.

“ఏమప్పా, ఇది రాసింది నువ్వేనా?”

నేనేనన్నాను. పొగుడుతాడనుకుని కుర్చీ వేశాను.

“బలే రాసిండావు. మా మేనేజరుకి కండ్లలో నీళ్ళే వచ్చేసినాయి. గిడ్డంగి ఇచ్చిన అయ్యకీ వచ్చినాయంట. ‘పావం, పావం’ అని చెప్పి, బంగారుని మద్రాసు పిచ్చాసుపత్రికి పంపించేస్తా ఉండారు. ఇరవై దినాల్లో డాక్టరు వచ్చి చూస్తాడు. వాడు సొంత పేరు చెప్పకపోతే కాయితం మీద చేవ్రాలు పెట్టేస్తాడు. అంతే.”

“నేను మంచి జరగాలనే రాశాను, పెద్దయ్యా,” అన్నాను.

“తెలుసప్పా. చెడ్డ చేయాలని వచ్చినోడైతే కర్రతో ఒకటిచ్చి పంపుదును. మంచి చేయాలని వచ్చినోణ్ణి ఏం చేసేది?” పేపరు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “వాడు దినమూ గురువయ్యకి అన్నంలో చేప ముల్లు ఏరి పెడతాడు. గురువయ్యకి కండ్లు కనపడవు. అది చూసినావా?”

చూడలేదన్నాను.

“వాడికి ఏం పోయిందో అడిగినావు. వాడి చేతిలో ఏముందో చూడలేదు. వచ్చే ఆదివారం తెల్లారి రా. పెన్సిలు తేవద్దు.”

ఆదివారం వెళ్ళాను. ఏడున్నరకు ఆ ముసలాయనే, హవల్దారు నాయక్కరు, చావిడి ముంగిట్లో వేలాడే రైలుపట్టా ముక్కను మేకుతో కొట్టాడు. ముసలివాళ్ళంతా కర్రలు పట్టుకుని, గోడలు పట్టుకుని వచ్చి ఎండలో వరసగా నిలబడ్డారు. పటాలంలో హాజరు పిలిచినట్టే పేర్లు పిలవటం మొదలైంది. కానీ ఎవరూ తమ పేరుకు తాము పలకలేదు. ఒక్కొక్కడికి ఒక జోడీ. ఎవడి పేరు పిలిస్తే వాడి జోడీ పలికి, వాడి కబురు చెప్పాలి. ఏం తిన్నాడు, నిద్రపట్టిందా, నొప్పి ఎక్కడ, ఎవరి మీద అలిగాడు. తన కబురు తాను చెప్పుకోకూడదు. ఏ భాషలోనైనా చెప్పవచ్చు. “అమ్మ తిట్టిన బాసలో చెప్పండి, నిజం దాంట్లోనే వస్తుంది,” అని హవల్దారు షరతు. అందుకని ఆ ముంగిట్లో తెలుగూ, తమిళమూ, ఒకడి నోట మలయాళమూ వినబడేవి.

దీన్ని ఎందుకు ఇలా పెట్టారని తర్వాత అడిగాను. “సిపాయి కదప్పా. నీకెట్ల ఉందిరా అంటే, తల తెగినా ‘బాగుండాను’ అంటాడు. పక్కవాడు చెప్తాడు నిజం,” అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కొత్తగా వచ్చినవాణ్ణి ఎవరికీ అప్పగించేవాడు కాదట. వాడికే ఎవరినో ఒకరిని అప్పగించేవాడట. “వాణ్ణి చూసుకొనేదానికి మనిషిని పెడితే వాడు మంచం మీదనే ఉండిపోతాడు. వాడు చూసుకోవాల్సినోణ్ణి పక్కన పెట్టు, లేచి నిలబడతాడు.”

గురువయ్య పేరు పిలిచారు. బంగారు పలకాలి. పలకలేదు. హవల్దారు రెండోసారి పిలవలేదు, తొందరపెట్టలేదు. నిటారుగా నిలబడ్డాడు. మిగతా పదకొండు మందీ, చూపులేని గురువయ్యతో సహా, నిలబడ్డారు. ఎండ భుజాల మీదికి వచ్చింది. ఒకడు పక్కవాడి భుజం పట్టుకున్నాడు, అయినా ఎవరూ కూర్చోలేదు. ఎంతసేపు గడిచిందో, బంగారు అరచేతిని బోర్లించి పొట్ట మీద పెట్టుకున్నాడు. తిన్నాడు అని. చెంప మీద పెట్టుకున్నాడు. నిద్రపోయాడు అని. హవల్దారు, “కబురు అందింది,” అని తర్వాతి పేరుకు వెళ్ళాడు. దినమూ ఇంతేనట. వీళ్ళు ఇలా నిలబడటం మొదలుపెట్టి ఏడు నెలలయిందట. మొదటి నాలుగు నెలలు ఆ చేయి కూడా లేవలేదు.

చివరికి ఒక పేరు మిగిలింది. హవల్దారుది. పదమూడు బేసి సంఖ్య, ఆయనకు జోడీ లేదు. ఆయన నా వైపు తిరిగి, “ఈ పేపరు తమ్ముడు ఆదివారం ఆదివారం వస్తాడు. నాకు జోడీ వాడే,” అన్నాడు.

“హవల్దార్ గారు క్షేమంగా ఉన్నారు,” అన్నాను.

“క్షేమాన్ని యాడ చూసినావప్పా? నా మొగంలోనా, కాలిలోనా?”

అందరూ నవ్వారు. గురువయ్య, “పేపరోళ్ళకి కండ్లతో పని లేదులే హవల్దారే, నాకన్నా మేలు!” అన్నాడు. సౌరాష్ట్రులూ తెలుగువాళ్ళూ మగ్గాలు నేసే వీధిలో పెరిగినవాడు గురువయ్య. నాలుక పదును. కళ్ళు పోయింది యుద్ధంలో కాదు, పొరలు కమ్మి. కానీ అడిగిన వాళ్ళందరికీ ఒక్కొక్కరికి ఒక్కో ఫిరంగి కథ చెప్పేవాడు.

మళ్ళీ ఆదివారం నేను ముందే వెళ్ళి ఆయన్ను చూస్తూ కూర్చున్నాను. పేరు పిలవగానే, “కర్ర కుడిచేతి నుంచి ఎడమచేతికి మారింది. కాఫీ సగం వదిలేశారు. మేనేజరు రెండుసార్లు పిలిస్తే వినబడనట్టు ఊరుకున్నారు, వినబడింది,” అన్నాను. హవల్దారు మీసం కింద నవ్వు దాచుకుని, “కబురు అందింది,” అన్నాడు. ఎడిటరు కార్డు ముక్క వచ్చిన నాడు కలిగిన సంతోషం దీని ముందు ఎందుకూ పనికిరాలేదు.

డాక్టరు వచ్చే దినం వచ్చింది. మదురై నుంచి వచ్చాడు. కళ్ళజోడు, సౌమ్యమైన మాట. మంచి మనిషే. మేనేజరు ముందే అందరికీ హెచ్చరిక చేశాడు. చావిడికి చెడ్డపేరు రాకూడదు, ఎవరికీ ఏ జబ్బూ లేదని చెప్పాలి. ముంగిట్లో కుర్చీ, బల్ల వేశారు. బంగారుని ఎదురుగా నిలబెట్టారు.

డాక్టరు తమిళంలో పేరు అడిగాడు. ఊరు అడిగాడు. ఏ పటాలమని అడిగాడు. ఇది ఏ ఊరని అడిగాడు. బంగారు చూపు నేల మీదే ఉంది. ఇరవై రోజులుగా గురువయ్య వాడికి పేరు నేర్పుతూనే ఉన్నాడు. “బంగారు, బంగారు అనురా, నా బంగారు కొండా, మూడక్షరాలే కదరా!” అని బతిమాలటం నేను విన్నాను. లాభం లేకపోయింది. డాక్టరు నిట్టూర్చి కలం మూత తీశాడు. నేను రాసిన ‘సొంత పేరు మరిచిన’ అన్న ముక్క ఆ బల్ల మీద, ఆయన కాయితాల అడుగున ఉంది. అంచు కనబడుతోంది. నా జీవితంలో నా రాత నాకు అంత అసహ్యంగా ఎప్పుడూ కనబడలేదు.

హవల్దారు ఒక అడుగు ముందుకు వేసి చేయి కణతకు ఆనించి సలాం చేశాడు. “అయ్యా, మా హాజరు వేళ దాటిపోతా ఉంది. పావుగంట ఉత్తరవు ఇవ్వండి. దాని తర్వాత మీ ఇష్టం.”

మేనేజరు చిటపటలాడాడు. డాక్టరు గడియారం చూసుకుని తల ఊపాడు. రైలుపట్టా మోగింది. వరస కట్టారు. ఆరోజు కబుర్లన్నీ మేనేజరు చెప్పినట్టే వచ్చాయి. బాగున్నాడు, తిన్నాడు, నిద్రపోయాడు. ఆ మాటలు వింటుంటే హవల్దారు మొహం నల్లబడుతోంది. జబ్బు మాట వినబడితే డాక్టరు బంగారుని అసలే ఉండనివ్వడని భయపడి వాళ్ళంతా ఆయన కట్టిన గోడనే ఒక్కొక్క రాయీ లాగేస్తున్నారు. అయినా ఆయన ఆపలేదు.

“గురువయ్య!”

గురువయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. అందరం బంగారు చేతి వంక చూశాం. చేయి లేవలేదు. నిలబడ్డాం. డాక్టరు కలం పట్టుకుని కూర్చున్నాడు, కాసేపటికి ఏమనుకున్నాడో ఆయనా లేచి నిలబడ్డాడు. బంగారు తల ఎత్తాడు. ఎండుగడ్డిలో నడిచిన చప్పుడులా వచ్చింది మాట.

“బాగ లేడు.”

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు.

“గురువయ్య... బాగ లేడు. ఎడమ కాలు. మడమ. పత్తి బేలు ఇనుపపట్టీ కోసేసింది. ఎనిమిది దినాలు. చీము వాసన. చెప్పొద్దు అంటాడు. గుడ్డ కట్టి దాచి ఉండాడు.” ఒక్క క్షణం ఆగి, “అబద్దం చెప్పను,” అన్నాడు.

గురువయ్య మొహం చూడాలి! “ఓరి పాపిష్టోడా! ఇన్ని దినాలు నోరు మూసుకొని ఉండి, తెరవక తెరవక నా మీదనే తెరిచినావా!” అని అరిచాడు. అరుస్తూనే తడుముకుంటూ వచ్చి వాడి మెడ కౌగిలించుకున్నాడు. గుడ్డికళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. “మాట్లాడినాడు హవల్దారే! మావాడు మాట్లాడినాడు! నా కాలు పోతే పోనీలే!”

“కాలు ఎందుకు పోవాలి, ఇటు తీసుకురండి,” అన్నాడు డాక్టరు. గుడ్డ విప్పి చూసి ఆయన మొహం మారింది. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మోకాలి దాకా తీసేయాల్సి వచ్చేదని తర్వాత చెప్పాడు. ఆసుపత్రిలో పెడితే బంగారు ఒంటరివాడవుతాడని గురువయ్య దాచాడు. వాడి భయం అంతే. పుండు కడిగి కట్టు కట్టాక డాక్టరు మళ్ళీ కుర్చీలో కూర్చుని ఒక ప్రశ్న వేశాడు. ఈసారి బంగారుని కాదు, గురువయ్యను. “ఇతని పేరేమిటి?”

“బంగారు. ఊరు కయత్తారు పక్కన. తండ్రి ఎద్దుల బేరగాడు, వాణ్ణి తెచ్చి వదిలినోళ్ళు చెప్పినారు. తీపంటే చస్తాడు. కుడిచెవి వినబడదు, మీరు ఆ పక్కనుంచే అడిగినారు. ఇంకా ఏం కావాలి సామీ?”

డాక్టరు నవ్వి, రాయవలసిన కాయితాన్ని నిలువునా చించి జేబులో వేసుకున్నాడు. పన్నెండు మంది ముసలివాళ్ళు ఆ ముంగిట్లో చేసిన గోలకి పక్క గిడ్డంగుల కూలీలు గోడ మీదికి ఎక్కి చూశారు. హవల్దారు మాత్రం కదలలేదు. వరస చెదిరిపోయిందని కోప్పడి, అందర్నీ మళ్ళీ నిలబెట్టి, తర్వాతి పేరు పిలిచాడు. మొదట కబుర్లు చెప్పినవాళ్ళని కూడా మళ్ళీ పిలిచాడు. ఈసారి నిజాలు వచ్చాయి. ఒకడికి పంటినొప్పి, ఇంకొకడికి మూత్రబంధం. డాక్టరు సాయంత్రం దాకా ఉండిపోయాడు. మేనేజరు కూడా చివరికి నీళ్ళు మోశాడు.

బంగారు ఎందుకు మూగబోయాడో నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. గురువయ్యకు చెప్పుకున్నాడు, బంగారు అనుమతితో గురువయ్య హవల్దారుకూ నాకూ చెప్పాడు. మేమిద్దరం పోయాక రాసుకో అన్నారు. బస్రా అవతల ఎడారిలో బంగారుకి ఒక తోటివాడు ఉండేవాడు. తప్పిపోయిన గాడిదను వెతకటానికి ఉత్తరువు లేకుండా పోతూ, “నా పేరు పిలిస్తే ఉండానని చెప్పు,” అన్నాడట. సాయంత్రం హాజరులో బంగారు వాడి పేరుకు పలికాడు. ఉన్నాడనుకున్నారు కాబట్టి ఎవరూ వెతకలేదు. మూడో రోజు దొరికాడు, ఖాళీ నీటిబుడ్డితో. ఆ తర్వాత బంగారు ఏ పిలుపుకూ పలకలేదు.

ఇది విన్న రోజు హవల్దారు, “వాణ్ణి దినమూ ఆ పిలుపు ముందరే నిలబెట్టి ఉండానే,” అన్నాడు. మర్నాటి నుంచి హాజరుకు ఒక ప్రశ్న చేర్చాడు. కబురు చెప్పినవాణ్ణి, “కంటితో చూసినావా?” అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు అందరికన్నా గట్టిగా, ప్రతి ఉదయం, “చూసినాను,” అని చెప్పేది బంగారు గొంతే. గురువయ్యకు చూపు లేదు కదా, వాడు, “చేత్తో తడిమి చూసినాను,” అనేవాడు. అదీ చెల్లేది.

చావిడి గురించి రెండోసారి రాశాను. బంగారు గాయం రాయలేదు. చేపముల్లు ఏరటం రాశాను, వరస రాశాను, ‘ప్రాణమున్న శవం’ అన్నది నా తప్పని రాశాను. ఎడిటరు అందులో కన్నీళ్ళు లేవని నాలుగో పేజీలో వేశాడు. హవల్దారుకు చదివి వినిపిస్తే, “రెండు తప్పులుండాయి. కిటికీలు పద్నాలుగు, నువ్వు పన్నెండు రాసినావు. రెండోది, నా మీసం గురించి ఎక్కువైంది,” అన్నాడు. నాలుగో పేజీ వార్తే అయినా అది చేరవలసిన చోటికి చేరింది. ఇళ్ళల్లో ఒంటరిగా పడి ఉన్న ముసలి సిపాయిలు కోవిల్‌పట్టిలో ఆదివారాలు ఒక చోట చేరటం మొదలుపెట్టారు. హవల్దారే వచ్చి జోడీలు కట్టాడు, రైల్వే వాళ్ళని అడిగి ఒక పట్టా ముక్క సంపాదించి తానే వేలాడదీశాడు. మదురై డాక్టరు తన వార్డులో ఏడో మంచంవాణ్ణి ఎనిమిదో మంచం సంగతి అడగటం మొదలుపెట్టానని నాకు ఉత్తరం రాశాడు.

నాలుగేళ్ళ పాటు దాదాపు ప్రతి ఆదివారం నేను ఆయన కబురు చెప్పాను. చివరి ఆదివారం ఆయన్ను మంచంతో సహా ముంగిట్లోకి మోసుకొచ్చారు. ఆ రోజు పేర్లు పిలిచింది బంగారు. గొంతు ఇప్పుడు జీర లేకుండా గట్టిగా వస్తోంది. చివరి పేరు పిలిచాడు.

“రెండు దినాలుగా అన్నం ముట్టలేదు,” అన్నాను. అది తెలుగులోనే అన్నాను, మా అమ్మ తిట్టిన భాషలో. “కర్ర అడగలేదు. కాళ్ళు చల్లగా ఉండాయి. భయం లేదు.”

“కంటితో చూసినావా?” అన్నాడు బంగారు.

మంచం మీది నుంచి హవల్దారు కూడా కళ్ళు తెరిచి నా వంక చూశాడు. “భయం లేదని యాడ చూసినావప్పా?”

“తెల్లారి లేచి మీసం మెలితిప్పి ఉండారు, పెద్దయ్యా.”

ఆయన ఛాతీ ఎగిసిపడేలా నవ్వాడు. “కబురు అందింది,” అన్నాడు. మర్నాడు పోయాడు. ఊరేగింపులో పన్నెండు మంది, జోడీలుగా, అడుగు తప్పకుండా నడిచారు. గురువయ్య రెండు కాళ్ళ మీద నడిచాడు.

పత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. నా దగ్గరికి వచ్చిన కుర్ర విలేకరులందరినీ ఒకటే అడిగేవాణ్ణి, కంటితో చూశావా అని. కొందరు విసుక్కున్నారు. కొందరు ఇప్పుడు పెద్ద ఎడిటర్లు. నాకూ డెబ్బై దాటాయి. మా ఎదురింట్లో షణ్ముగం ఉంటాడు, మా ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాడు, ఒంటరివాడు. పొద్దున్నే రైలుపట్టా మోగగానే ఆయన తన అరుగు మీద లేచి నిలబడతాడు, నేను మా వరండాలో. వీధికి అడ్డంగా ఒకరి వంక ఒకరం చూసుకుంటాం.

పోయిన వారం మా కోడలు, “మామయ్యా, మీకు ఒంట్లో ఎలా ఉంది, నిజం చెప్పండి,” అంది. నా కబురు నన్ను అడిగితే లాభం లేదు, ఎదురింటికి వెళ్ళి అడగమన్నాను. వెళ్ళింది. అయిదు నిమిషాల్లో చేతులు నడుముకు పెట్టుకుని తిరిగి వచ్చింది. కళ్ళలో చుక్కలు వేసుకోవటం మూడు రోజులుగా మానేశానట. సీసా పూలకుండీ వెనక దాచానట.

షణ్ముగం అరుగు మీది నుంచి చేయి కణతకు ఆనించి సలాం చేస్తున్నాడు. నేను లేచి నిలబడి తిరుగు సలాం చేశాను. కబురు నిజమే.